‘చేయడం జరిగింది’: ఏడు ఇంటర్వ్యూల్లో వెనక్కి వచ్చిన ఒక అభ్యర్థి కేస్ స్టడీ

ఉద్యోగ ఇంటర్వ్యూలకు మనుషుల్ని సిద్ధం చేయడం నా పని. ఈ కేసు రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. ఆయన్ను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఇందులో మొదటి రెండు వారాలు నా పొరపాటు వల్లే వృథా అయ్యాయి. నిజానికి ఆ పొరపాటు కోసమే ఇది రాస్తున్నాను.

వచ్చేనాటికి పరిస్థితి

వయసు 36. యంత్రాల విడిభాగాలు సరఫరా చేసే సంస్థలో స్టోర్స్ గుమాస్తాగా చేరి, 11 ఏళ్లలో గోడౌన్ ఇన్‌ఛార్జి అయ్యారు. సంస్థ రెండు గోడౌన్లను కలిపేయడంతో ఆయన పోస్టు పోయింది. నా దగ్గరకు వచ్చేసరికి నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్నారు. ఏడు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఏడు చోట్లా ఫోన్ రౌండ్ దాటారు. ఏడు చోట్లా ప్యానెల్ ముందు కూర్చుని వచ్చాక ‘మళ్లీ చెప్తాం’ అన్నారు. ఎవరూ మళ్లీ చెప్పలేదు.

ఆయన నన్ను అడిగింది రెజ్యూమె మార్చిపెట్టమని. వద్దన్నాను. బండి ఎక్కడ ఆగుతుందో చూడకుండా అన్ని నట్లూ విప్పడం నాకు నచ్చదు. పిలుపులే రాకపోతే లోపం రెజ్యూమెలో ఉందనుకోవచ్చు. లేదా అర్హతకు సరిపోని ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తున్నారనుకోవచ్చు. ఫోన్ రౌండ్‌లోనే ఆగిపోతుంటే జీతం అంచనా, నోటీసు కాలం, ప్రాథమిక అర్హత లాంటి చోట ఎక్కడో పొంతన కుదరడం లేదు. ప్యానెల్ దగ్గర ఆగిపోతుంటే మాత్రం తమ పని గురించి తాము ఎలా చెప్పుకుంటున్నారో వినాలి. ఈయనది మూడో రకం. ఏడుకి ఏడూ ఒకే మెట్టు మీద ఆగాయి, కాబట్టి పెద్దగా వెతకాల్సిన పని లేదు.

‘మీ గురించి చెప్పండి’ అని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను. 4 నిమిషాల 40 సెకన్లు మాట్లాడారు. స్కూలు చదువుతో మొదలుపెట్టారు. ఉద్యోగం దగ్గరకు వచ్చేసరికి సగం టైమ్ అయిపోయింది. తర్వాత ఆ రికార్డింగ్ వింటూ కాగితం మీద గీతలు పెట్టి లెక్కేశాను. ‘చేయడం జరిగింది’ తొమ్మిది సార్లు వచ్చింది. ‘మేం’ పద్నాలుగు సార్లు. ‘నేను’ రెండే సార్లు, అందులో ఒకటి ఎప్పుడు పుట్టారో చెప్పినప్పుడు.

అప్పటికే నాకు విషయం కనిపించి ఉండాల్సింది. లెక్కపెట్టి, నవ్వుకుని, కాగితం పక్కన పెట్టేశాను.

నేను చేసిన పొరపాటు

ఆయన టెన్షన్ మనిషి. ఏం చెప్పాలో తెలియక తడబడుతున్నారని అనుకున్నాను. అందుకని ఎక్కువగా అడిగే 32 ప్రశ్నలు తీసుకుని, ఆయన చెప్పిన వివరాలతోనే జవాబులు రాసి ఇచ్చాను. నీట్‌గా, ఒక్కొక్కటి ఏడెనిమిది వాక్యాలతో. ఆయన పట్టుదల ఉన్న మనిషి. పది రోజుల్లో అన్నీ బట్టీ పట్టేశారు. నా ముందు మాక్ ఇంటర్వ్యూలో తడబాటు లేకుండా చెప్పేశారు. ఇద్దరం సంతోషించాం.

ఆ వారమే ఎనిమిదో ఇంటర్వ్యూ. సాయంత్రం ఫోన్ చేశారు.

“మేడమ్, మూడో ప్రశ్నకే ఆగిపోయానండీ.”

“ఏం అడిగారు?”

“మీ కింద పనిచేసేవాళ్లు మాట వినకపోతే ఏం చేశారని. మనం రాసుకున్న డ్రైవర్ సంగతే చెప్పాను. మధ్యలో ఆపి, ‘సరే, అప్పుడు ఆ డ్రైవర్ మీతో ఏమన్నాడు?’ అన్నారు. మన కాగితంలో అది లేదు కదండీ.”

జరిగింది ఆయన జీవితంలోనే. ఆ డ్రైవర్ ఏమన్నాడో ఆయనకు నిజంగానే తెలుసు. కానీ ఆ క్షణంలో ఆయన గుర్తు చేసుకుంటున్నది ఆ రోజుని కాదు, నా వాక్యాల్ని. పాఠం అప్పజెప్పే పిల్లవాణ్ని మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి అందుకోవాల్సిందే. ఆయనా అదే చేశారట, మొదటి వాక్యం నుంచి మళ్లీ ఎత్తుకున్నారట. ప్యానెల్‌లో ఒకరు పెన్ను కింద పెట్టేశారట.

ఇక్కడ రెండు తప్పులు ఉన్నాయి. ఒకటి, జవాబు నాది. రెండోది, ఆయన చదివిన పద్ధతి. కాగితం చూస్తూ పదే పదే చదివారు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఈ వృత్తిలో ఉన్నవాళ్లంతా గుర్తుపెట్టుకోవాల్సింది. విద్యార్థులు కొన్ని పాఠాలను రెండుసార్లు చదివారు. కొన్నింటిని ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవే బాగా గుర్తున్నాయి: 81 శాతం, రెండో రకానివి 75. వారం తర్వాత పరీక్ష పెడితే తారుమారైంది: రెండుసార్లు చదివినవి 42, చూడకుండా రాసినవి 56. మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసిందన్న ధీమా వస్తుంది. అవసరమైన రోజున నోటికి రావాలంటే, చూడకుండా బయటకు తీయడాన్నే సాధన చేయాలి. నాకిది ముందే తెలుసు. తెలిసీ 32 జవాబుల ఫైలు చేతికిచ్చాను.

‘ఎవరు కనిపెట్టారండీ?’

మూడో వారం మొదటి రోజున ఆ ఫైలు పక్కన పెట్టించి, ఖాళీ నోట్‌బుక్ తెమ్మన్నాను. ఇంటర్వ్యూ ప్రశ్న ఒక్కటీ అడగలేదు. గోడౌన్ గురించి అడిగాను. పొద్దున తాళం ఎవరు తీస్తారు, సరుకు దిగితే మొదట ఎవరు చూస్తారు, ఏ నెలలో తలనొప్పి ఎక్కువ, ఏ రోజున ఇంటికి వెళ్లాక కూడా నిద్ర పట్టలేదు, ఇలాంటివి.

గంట గడిచాక ఒక సంగతి బయటపడింది. స్టాక్ ఆడిట్ చేసిన ప్రతిసారీ అరల్లో ఉన్న సరుకుకూ కంప్యూటర్‌లో ఉన్న లెక్కకూ తేడా వచ్చేది. దొంగతనం అని కొందరు, లెక్కించేవాళ్ల నిర్లక్ష్యం అని కొందరు అనుకునేవారు. అసలు కారణం వేరు. బ్రాంచీల నుంచి వాపసు వచ్చిన సరుకును ఎంట్రీ వేయకముందే అరల్లో సర్దేస్తున్నారు. దానికితోడు ఒకే బేరింగ్‌కు రెండు కోడ్‌లున్నాయి.

“ఎవరు కనిపెట్టారండీ ఈ సంగతి?”

“అంటే... కనిపెట్టడం జరిగింది మేడమ్.”

“ఎవరు?”

కాసేపు నోట్‌బుక్ వైపు చూశారు.

“నేనేనండీ.”

“ఎలా?”

అప్పుడు చెప్పారు. మూడు రోజులు డ్యూటీ అయ్యాక ఉండిపోయి, తేడా వచ్చిన ఐటమ్స్ జాబితా పట్టుకుని ఒక్కో అర దగ్గరకు వెళ్లారట. తేడా ఉన్నవాటిలో ఎక్కువ భాగం వాపసు వచ్చే రకాలేనని గమనించారట. మర్నాడు నేల మీద సుద్దతో గీత గీసి, వాపసు సరుకు ఎంట్రీ పడేదాకా ఈ గీత దాటకూడదని చెప్పారట. ఐదు నెలల తర్వాతి ఆడిట్‌లో లెక్క కలవని ఐటమ్స్ 190 నుంచి 31కి తగ్గాయి.

ఏడు ఇంటర్వ్యూల్లోనూ ఈ సంగతి ఎలా చెప్పారని అడిగాను. “స్టాక్ తేడాలు గణనీయంగా తగ్గించడం జరిగింది అని.” ఒక మనిషి మూడు రాత్రులు నిలబడి చేసిన పని ఈ ఒక్క వాక్యంలో కర్త లేకుండా పోయింది.

ఆఫీసు కాగితాల్లో మనకు అలవాటైన వాక్యం ఇది. ‘పరిశీలించడం జరిగింది’, ‘ఆదేశించడం జరిగింది’. నోట్ ఫైల్‌లో అది మర్యాదగానే ఉంటుంది. ఇంటర్వ్యూలో ప్యానెల్ వెతికేదే కర్తను. తెలుగులో ‘నేను’ అనే మాట కూడా అక్కర్లేదు, ‘చేశాను’ అంటే చాలు, క్రియ చివర్లోనే మనిషి ఉన్నాడు. ఆయన దాన్ని కూడా వదిలేశారు. ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో జరిగినా ఈ అలవాటు వెంటే వచ్చింది. అక్కడ ‘వుయ్ డిడ్’, ‘ఇట్ వాజ్ డన్’ అయింది.

గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందేమోనని ఆయన భయం. నిజానికి లోడింగ్ కుర్రాళ్లు కూడా సాయం చేశారు కదా అన్నారు. ఆ మాట నిజమే. అందుకే ‘మేం’ తీసేసి అన్నిచోట్లా ‘నేను’ పెట్టమని చెప్పలేదు. ఎవరి పని వాళ్ల పేరున చెప్పమన్నాను. ‘గీత గీయాలన్న ఆలోచన నాది. వాపసు చీటీల రంగు మారిస్తే దూరం నుంచే తెలుస్తుందన్నది లోడింగ్‌లో ఉండే కుర్రాడు. రెండు కోడ్‌లను కలపడానికి అనుమతి తెచ్చింది మా మేనేజర్.’ ఇలా చెప్పినవాణ్ని గొప్పలు చెప్పుకుంటున్నాడని ఎవరూ అనుకోరు. పైగా ఎదుటివాళ్ల వాటా ఇంత కచ్చితంగా చెప్పగలిగినవాడు తన వాటా గురించి చెప్పేదీ నమ్మబుద్ధవుతుంది.

ప్యానెల్ చేతిలోని కాగితం

‘ఏదైనా ఒక సందర్భం చెప్పండి’ అని ఎందుకు పీడిస్తారో ఆయనకు అర్థం కాలేదు. ఈ ప్రశ్నకు పాత చరిత్రే ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనిక విమానయాన విభాగంలో సిబ్బంది ఎంపిక మీద పనిచేసిన మనస్తత్వవేత్త జాన్ ఫ్లానగన్, 1954లో ‘క్రిటికల్ ఇన్సిడెంట్’ పద్ధతిని వివరించాడు. మంచి పనివాడు ఎలా ఉండాలని అభిప్రాయం అడగడం కాదు, నిజంగా జరిగిన ఒక సంఘటన తీసుకుని అందులో ఎవరు ఏం చేశారో రాబట్టాలన్నది దాని సారం. ఇప్పటి ఇంటర్వ్యూల్లో ఈ తరహా ప్రశ్నలకు మూలాల్లో అదొకటి.

అందరికీ అవే ప్రశ్నలు వేసి, ముందే అనుకున్న కొలమానంతో మార్కులు వేసే ఇంటర్వ్యూలు, పిచ్చాపాటీగా సాగే ఇంటర్వ్యూల కంటే మెరుగ్గా మనిషి పనితీరును అంచనా వేస్తాయని చాలా ఏళ్లుగా తెలుస్తూనే ఉంది. 2022లో మనస్తత్వవేత్త పాల్ సాకెట్ బృందం పాత పరిశోధనల లెక్కలన్నీ సరిచూసినప్పుడు, ఎంపిక పద్ధతులన్నింటిలో ఇలాంటి ఇంటర్వ్యూయే పైన నిలిచింది. అందుకే పెద్ద సంస్థల ప్యానెల్ చేతిలో ఒక కాగితం ఉంటుంది. అభ్యర్థి ‘టీమ్ వర్క్ నాకు చాలా ఇష్టం’ అంటే ఆ కాగితంలో రాసుకోవడానికి ఏమీ ఉండదు. సుద్ద గీత సంగతి చెబితే రాసుకోవడానికి నాలుగు ముక్కలు దొరుకుతాయి. ఈ కాగితం గురించి విన్నాక ఆయన కాస్త తేలికపడ్డారు. వాళ్లు తనను ఇరికించాలని చూడటం లేదు, గళ్లు నింపుకోవాలని చూస్తున్నారు.

సందర్భం, బాధ్యత, చేసిన పని, ఫలితం అనే నాలుగు మెట్ల ‘స్టార్’ పద్ధతి చాలామందికి తెలుసు. నోట్‌బుక్‌లో రాసుకోవడానికి అది బాగుంటుంది. మాట్లాడేటప్పుడు ఆ మెట్లు పైకి కనిపించకూడదన్నది నా అభిప్రాయం. ‘ఇక ఫలితం విషయానికొస్తే’ అనగానే ప్యానెల్‌కు క్లాసు వాసన వస్తుంది. ఇంకో సంగతి, దాదాపు అందరూ సందర్భం మీదే సగం టైమ్ తినేస్తారు. ఈయన గోడౌన్ కొలతలతో సహా చెప్పేవారు. సందర్భానికి రెండు మూడు వాక్యాలు. ఎక్కువ భాగం ‘ఏం చేశాను, అలాగే ఎందుకు చేశాను’. మొత్తం రెండు నిమిషాలు దాటకూడదు. మిగతాది వాళ్లే అడుగుతారు, అడగనివ్వాలి.

ఎనిమిది సంగతులు, వాటికి పేర్లు

రెండు వారాల్లో ఎనిమిది సంగతులు తవ్వి తీశాం. ఒక్కోదానికి రెండు మాటల పేరు పెట్టమన్నాను. ‘సుద్ద గీత’, ‘తడిసిన పెట్టెలు’, ‘అలిగిన డ్రైవర్’, ‘నలభై బాక్సులు’, ఇలా. గుర్తుపెట్టుకోవాల్సింది మూడే: పేరు, మొదటి వాక్యం, ఒక అంకె. మధ్యలోదంతా ప్రతిసారీ కొత్తగా చెప్పాలి, మాటలు మారినా పర్లేదు, మారాలి కూడా.

తర్వాత ఉద్యోగ ప్రకటనల ప్రింట్ తీసి, ప్రతి వాక్యంలో క్రియ కింద గీత గీయించాను. ‘సమన్వయం చేయాలి’, ‘తగ్గించాలి’, ‘శిక్షణ ఇవ్వాలి’. ఒక్కో క్రియ పక్కన ఏ సంగతి సరిపోతుందో పేరు రాయాలి. ఒకే సంగతి మూడు నాలుగు ప్రశ్నలకు పనికొస్తుందని అప్పుడు తెలిసింది. ‘అలిగిన డ్రైవర్’ గొడవ గురించి అడిగినా పనికొస్తుంది, ప్రణాళిక మారిన రోజు గురించి అడిగినా పనికొస్తుంది, పై అధికారికి చెడు కబురు చెప్పడం గురించి అడిగినా పనికొస్తుంది. ఒక ప్రకటనలో ‘శిక్షణ ఇవ్వాలి’ పక్కన గడి ఖాళీగా మిగిలింది. మంచిదే, ఏ ప్రశ్నకు నీళ్లు నమలాల్సి వస్తుందో ముందే తెలిసింది. వెతికితే కొత్తగా చేరిన ఇద్దరికి బార్‌కోడ్ స్కానర్ నేర్పిన సంగతి గుర్తొచ్చింది. అది శిక్షణ కిందికి వస్తుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

సంగతులన్నీ ముందు తెలుగులోనే తీశాం. జ్ఞాపకం ఏ భాషలో ఉందో ఆ భాషలోనే ముందు బయటకు రావాలి. తర్వాత వాటిని ఇంగ్లిష్‌లోకి అనువదించవద్దన్నాను. తెలుగు వాక్యం పక్కన పెట్టుకుని మార్చబోతే మాట మాటకూ ఆగిపోతారు. జరిగింది కళ్లముందు పెట్టుకుని, వచ్చిన ఇంగ్లిష్‌లోనే, చిన్న వాక్యాల్లో మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాను. వ్యాకరణం అక్కడక్కడా తప్పింది. వదిలేశాను.

చెల్లెలి ముందు పరీక్ష

నడుస్తూ, ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటూ రోజుకు రెండు సంగతులు చెప్పాలి. వినాలి. మర్నాడు అవే వేరే మాటల్లో చెప్పాలి. ఇది వారం సాగాక, గోడౌన్ ముఖం ఎప్పుడూ చూడని మనిషికి చెప్పి రమ్మన్నాను. చెల్లెలికి చెప్పారు. ఆవిడ మూడో వాక్యంలోనే ఆపారట: “జీఆర్‌ఎన్ అంటే ఏంటి అన్నయ్యా?” సరుకు అందినప్పుడు రాసే చీటీ అది. పదకొండేళ్లు రోజూ పలికిన మాట కాబట్టి, అది అర్థంకాని మనుషులుంటారన్న సంగతే ఆయనకు తట్టలేదు.

1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తు చేశాను. ఒకరు మనసులో పాట అనుకుని బల్ల మీద వేళ్లతో దరువు వేయాలి, ఎదుటివాళ్లు పాటేమిటో చెప్పాలి. సగం పాటలైనా పోల్చుకుంటారని దరువు వేసినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో పోల్చుకున్నది మూడే. దరువు వేసేవాడికి పాట వినబడుతుంటుంది, ఎదుటివాడికి టకటక తప్ప ఏమీ వినబడదు. ప్యానెల్‌లో సరుకు తెలిసినవాళ్లతో పాటు హెచ్‌ఆర్ నుంచి కూడా ఒకరు ఉంటారు. వాళ్ల చేతిలోనూ మార్కులు ఉంటాయి.

గుచ్చుకునే ప్రశ్నలు

‘ఉద్యోగం ఎందుకు వదిలేశారు?’ అనగానే ఆయన గొంతు మారిపోయేది. మూడు నిమిషాల కథ. ఎవరిని ఉంచారు, ఎవరిని తీసేశారు, ఎవరు ఎవరికి దగ్గర. అందులో అన్యాయం ఉండొచ్చు. విన్నవాళ్లకు మాత్రం, రేపు మన గురించి కూడా ఇలాగే చెప్తాడన్న ఆలోచన వస్తుంది. ఆరు వారాల్లో అక్షరం మారకుండా చెప్పమన్న జవాబు ఇదొక్కటే: ‘రెండు గోడౌన్లను ఒకటి చేశారు, నా పోస్టు పోయింది. ఈ నాలుగు నెలల్లో ఎక్సెల్‌లో పివట్ టేబుల్స్ నేర్చుకున్నాను, పాత ఆడిట్ లెక్కల తరహాలో సొంతంగా పట్టికలు తయారుచేసుకుని సాధన చేశాను.’ రెండు వాక్యాలు, రెండూ నిజం. చెప్పాక నోరు మూసుకోవాలి. నోరు మూసుకోవడానికి ఆయనకు నాలుగు సెషన్లు పట్టింది. మౌనం రాగానే దాన్ని నింపాలని కథలోకి జారిపోయేవారు.

బలహీనత గురించి అడిగితే చెప్పడానికి ‘నేను పర్‌ఫెక్షనిస్ట్‌ని’ అని సిద్ధం చేసుకున్నారు. ఆ మాట వినీ వినీ ప్యానెల్‌వాళ్ల చెవులు తుప్పు పట్టి ఉంటాయి. దాని స్థానంలో ‘నలభై బాక్సులు’ వచ్చింది. ఒకసారి ఇండెంట్‌లో, అంటే సరుకు కావాలని రాసిపంపే ఫారంలో, 40 పీసులు అడగాల్సింది, యూనిట్ చూసుకోక 40 బాక్సులు తెప్పించారు. ఆ సాయంత్రమే మేనేజర్‌కు తానే చెప్పారు. అప్పటి నుంచి ఇండెంట్ ఫారంలో యూనిట్ గడి నింపకపోతే ముందుకు వెళ్లకుండా మార్పించారు. తప్పు, ఒప్పుకోలు, మార్పు. తప్పు నిజమైనదై ఉండాలి, అలాగని కొత్త ఉద్యోగానికి ప్రాణంలాంటి విషయంలో నిన్న మొన్న జరిగినదై ఉండకూడదు.

తెలియని సంగతి అడిగినప్పుడు ‘కొంచెం తెలుసు’ అనే అలవాటు కూడా ఉంది. తర్వాతి ప్రశ్నకే దొరికిపోయేవారు. వాడని సాఫ్ట్‌వేర్ గురించి అడిగితే ‘అది వాడలేదు. మేం వాడింది వేరేది, అందులో ఈ మూడు పనులు రోజూ చేసేవాణ్ని’ అనడం నేర్చుకున్నారు.

జీతం గురించి పొడవుగా ఏం చెప్పను. ఆ స్థాయి ఉద్యోగానికి బయట ఎంత ఇస్తున్నారో ముందే తెలుసుకోవాలి, ఇంతకు తక్కువైతే చేరలేనన్న అంకె మనసులో ఉండాలి, వీలైతే వాళ్లు ఎంత అనుకుంటున్నారో ముందు అడగాలి. చివర్లో ‘మీరేమైనా అడుగుతారా’ అంటే ఏమీ లేదని లేచి రాకూడదు. ఆయనకు బాగా కలిసొచ్చిన ప్రశ్న: ‘చేరిన మొదటి మూడు నెలల్లో ఈ మనిషి ఏ సమస్య తీర్చాలని అనుకుంటున్నారు?’ బట్టలు, ఫైలు, ముందురోజు దారి చూసుకోవడం లాంటివి ఆయనకు చెప్పాల్సిన అవసరం రాలేదు. వీడియో ఇంటర్వ్యూకు మాత్రం కిటికీ వెనక పెట్టుకుని కూర్చునేవారు, ముఖం నల్లగా కనిపించేది. వెలుతురు ఎదురుగా, కెమెరా కళ్ల ఎత్తులో, ఫోన్ సైలెంట్‌లో. పది నిమిషాల్లో అయిపోయింది.

చేతుల వణుకు

టెన్షన్ పోలేదు. పోగొడతానని నేను మాట ఇవ్వను కూడా. చేతులు వణుకుతున్నట్టు అందరికీ కనబడిపోతోందన్నది ఆయన అసలు బాధ. మనస్తత్వవేత్త గిలోవిచ్, ఆయన సహచరులు 1998లో చూపించింది ఏమిటంటే, మన లోపలి స్థితి ఎదుటివాళ్లకు ఎంత కనబడుతోందో మనం ఎక్కువగా ఊహించుకుంటాం. 2003లో సవిట్‌స్కీ, గిలోవిచ్ ఇంకో అడుగు వేశారు. ప్రసంగం ఇవ్వబోయేవాళ్లకు ఈ సంగతి ముందే చెబితే వాళ్లు మెరుగ్గా మాట్లాడారు. మాటలతో ఆయన నమ్మలేదు. మాక్ ఇంటర్వ్యూ వీడియో తీసి చూపించాను. “వణుకుతున్నాయి అనుకున్నానే” అని రెండుసార్లు వెనక్కి తిప్పి చూశారు. ప్రశ్న వినగానే మాట్లాడెయ్యక్కర్లేదని, ‘ఒక్క క్షణం ఆలోచించి చెప్తాను’ అనొచ్చని తెలిశాక ఇంకొంచెం కుదురుకున్నారు.

ఏం జరిగింది

తొమ్మిదో ఇంటర్వ్యూలోనూ ఉద్యోగం రాలేదు. కానీ మొదటిసారి చివరి రౌండ్ దాకా వెళ్లారు. ఎందుకు కాలేదో మర్యాదగా మెయిల్ రాసి అడగమన్నాను. చల్లని గిడ్డంగుల్లో పనిచేసిన అనుభవం ఉన్న మరో అభ్యర్థిని తీసుకున్నామని జవాబు వచ్చింది. అది సన్నద్ధతతో తీరే లోపం కాదు. ఇంటర్వ్యూ నుంచి బయటకు రాగానే అరగంటలోపు అడిగిన ప్రశ్నలన్నీ నోట్‌బుక్‌లో రాయమని చెప్పి ఉన్నాను. అలా రాసిన వాటిలో ఐదు, పదో ఇంటర్వ్యూలో దాదాపు అలాగే వచ్చాయి.

పదోది ఆరో వారంలో. ప్యానెల్‌లో ముగ్గురు, 50 నిమిషాలు. సుద్ద గీత మీదే ఏడు ప్రశ్నలు వేశారట. గీత దాటినవాళ్లను ఏం చేశారు, సుద్ద చెరిగిపోదా, రెండు కోడ్‌లు కలిపితే పాత బిల్లుల సంగతేంటి. “అన్నీ తెలిసినవే కదండీ మేడమ్, చెప్పేశాను” అన్నారు ఫోన్‌లో. రెండు వారాల తర్వాత ఆఫర్ వచ్చింది. కోరుకున్న ఇన్‌ఛార్జి పోస్టు కాదు, ఒక మెట్టు కింద, ఆరు నెలల తర్వాత సమీక్షిస్తామన్నారు. ఒక రోజు ఆలోచించి చేరారు.

ఇది నా గొప్పతనమని చెప్పలేను. ఆ సంస్థకు సరిగ్గా స్టాక్ లెక్క కలవని సమస్యే ఉందని ఆయన అడిగిన చివరి ప్రశ్నకు వాళ్లే చెప్పారు. ఇంకో సంస్థ అయితే ఆ సంగతికి అంత విలువ ఉండేది కాదేమో.

ఆ తర్వాత నా పద్ధతిలో మార్చింది ఒకటే. ఎవరు వచ్చినా మొదటి రోజే ఖాళీ నోట్‌బుక్ ఇస్తున్నాను, ప్రశ్నల జాబితా నాలుగో సెషన్ దాకా చూపించను. కొత్తగా చదువు పూర్తిచేసినవాళ్ల దగ్గర ఇది ఇంకా కష్టంగానే ఉంది. వాళ్ల దగ్గర పదకొండేళ్ల గోడౌన్ ఉండదు. ప్రాజెక్టులో స్నేహితుడు చివరి నిమిషంలో చేతులెత్తేసిన రోజు, పార్ట్‌టైమ్ పనిలో కస్టమర్ కోప్పడిన రోజు లాంటివి ఒక్కొక్కటీ చాలా ఓపికగా తీయాల్సి వస్తోంది.

ఆయన చేరిన నెలకు తన మొదటి నివేదికను చూడమని నాకు పంపారు. మొదటి వాక్యం: ‘స్టాక్ పరిశీలన పూర్తి చేయడం జరిగింది.’